సమస్యాపూరణం: దుంప మోక్షమొందె దోస యేడ్చె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం; ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

"దుంప మోక్షమొందె దోస యేడ్చె"

పిచ్చి మాటలా ఉందా? క్యోటో జాతీయ మ్యూజియంలో ఉన్న, జపాను చిత్రకారుడు ఇతో జకుచూ (1716–1800) గీసిన సిరాచిత్రం ఒకసారి చూడండి. బోర్లించిన బుట్ట మీద రెండు కాళ్లలా చీలిన ముల్లంగి పడుకుని ఉంటుంది. అదే పరినిర్వాణం పొందుతున్న, అంటే కన్నుమూస్తున్న, బుద్ధుడు. చుట్టూ వంకాయ, గుమ్మడి, ఇంకా బోలెడు కాయలూ పండ్లూ దుఃఖిస్తున్న శిష్యుల్లా మూగి ఉంటాయి. జకుచూ క్యోటోలోని నిషికి బజారులో కూరగాయల టోకు వ్యాపారి పెద్ద కొడుకు మరి!

పాతకాపు:
అంగడింటఁ బుట్టి యమ్మకమ్మును వీడి
కుంచె పట్టినట్టి కోవిదుండు
బుద్ధు పగిదిఁ గీసె బుట్టపై ముల్లంగి
దుంప మోక్షమొందె దోస యేడ్చె

తుమ్మెద: ధార బాగుంది. "బుట్టపై" దగ్గర బొమ్మ కళ్లకు కట్టింది. నాకున్న పేచీ "వీడి" మీదే. 1755లో, నలభయ్యో ఏట, కొట్టు తమ్ముడికి అప్పగించాడు, నిజమే. కానీ 1771లో పోటీ బజారు వాళ్లతో తగాదా వచ్చి నిషికి మూతపడే పరిస్థితి వస్తే, మళ్లీ తెరిపించడానికి మూడేళ్లు అధికారుల చుట్టూ తిరిగింది ఈయనే. అంగడి ఆయన్ని వదల్లేదు.

పాతకాపు: ఒప్పుకున్నా. పద్యం మాత్రం మార్చను, యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన మైత్రి) పోతుంది :)

చిన్నక్క:
జొన్న కర్రలచట సాలవృక్షమ్ములై
నిలువ, గుంపుగూడి నీరసించి
కూరగాయలన్ని గురువును దలపోయ
దుంప మోక్షమొందె దోస యేడ్చె

నిర్వాహకుడు: అమ్మా, భావం చక్కగా ఉంది. కుశీనగరంలో కన్నుమూసిన బుద్ధుడి పక్కన నిలిచిన సాలవృక్షాలను పట్టుకున్నారు. మొదటి పాదంలోనే యతి తప్పింది. జొ–సా అక్షరాల్లో జ–స హల్లులకు మైత్రి ఉంది, కానీ ఒ–ఆ అచ్చులకు లేదు. పైగా బొమ్మలో ఉన్నది జొన్న కాదు, మొక్కజొన్న. ఒక్క సవరణతో రెండూ తీరతాయి:

"మొక్కజొన్న యచట ముచ్చటౌ సాలమై"

చిన్నక్క: అయ్యో, హల్లు చూసుకుని మురిసిపోయా! సవరణ తీసుకుంటున్నానండీ.

తుమ్మెద: జపాను నాకెందుకు, వంటింట్లోనే తేల్చేస్తా.
పులుసు కుండలోన మునిఁగి ముల్లంగియే
కాఁగుచుండఁ జూచి కారమందు
నూరు జాడిఁ దలఁచి నోరెండి వాపోయి
దుంప మోక్షమొందె దోస యేడ్చె

పాతకాపు: హహ్హహ్హ! దోసావకాయ భయం! పు–ము యతి చెల్లుతుంది. "వాపోయి"కీ "దోస యేడ్చె"కీ మధ్య దుంప అడ్డం పడి అన్వయం కాస్త కుంటింది, అంతే.

చిన్నక్క: నాదొక సందేహమండీ. బుద్ధుణ్ణి ముల్లంగి చేయడం వెక్కిరింత కాదా?

నిర్వాహకుడు: నాకలా అనిపించదు. జకుచూకు షోకోకుజి మఠంలోని దైతెన్ అనే జెన్ (ధ్యాన బౌద్ధ) సన్యాసి ఆప్తమిత్రుడు. ముప్పై పట్టుచిత్రాలు, వాటితోపాటు బుద్ధత్రయం (బుద్ధుడు, ఇద్దరు బోధిసత్త్వుల మూడు చిత్రాలు) ఆ మఠానికే సమర్పించుకున్నాడు. అంతటి భక్తుడికి చిన్నప్పటి నుంచీ ఎదురుగా కనిపించినవి కూరగాయలే. తనకు తెలిసిన జనంతోనే పరినిర్వాణం గీశాడు.

ఆ ముప్పైలో కోళ్లు ఎక్కువ. పాత చైనా చిత్రాలు చూసి గీసీ గీసీ, ఆఖరికి పెరట్లో పదుల కొద్దీ కోళ్లను పెంచి, వాటిని చూస్తూ కూర్చున్నాడు. ఈకల మెరుపు కోసం పట్టుకు వెనక వైపు నుంచి కూడా రంగు వేసేవాడు. వచ్చేవారం సమస్య అక్కడిదే:

"కోడి గురువు గాఁగఁ గుంచె పలికె"