తీగ: పందిరి నుంచి టవర్ దాకా

మొన్న పేపర్లో "విద్యుత్ తీగలు తెగిపడి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇంట్లో మనం అలా అనం, "కరెంటు తీగ" అంటాం. అయితే ఆ పేపరు మాట మనం అనుకునేంత కొత్తదేమీ కాదనిపించింది.

విద్యుత్తు అంటే మొదట మెరుపే కదా. సంస్కృతంలో విద్యుల్లత, తటిల్లత అన్నారు, అంటే మెరుపనే లత. మన కవులు దాన్నే మెఱుగుతీగ చేసుకున్నారు. సన్నగా చురుగ్గా ఉండే అమ్మాయిని మెరుపుతీగ అనడం ఇప్పటికీ వింటాం. అంటే ఊళ్లో ఒక్క స్తంభం కూడా పాతకముందే మెరుపునీ తీగనీ ముడివేసి పెట్టుకున్నాం. విద్యుల్లతను విడగొట్టి తెలుగు చేస్తే వచ్చేది విద్యుత్ తీగే!

పక్కవాళ్ల దారి వేరు. కన్నడంలో విద్యుత్ తంతి, తమిళంలో మిన్‌కంబి, హిందీలో తార్. మనకూ తంతి ఉంది కానీ అది టెలిగ్రాం వైపు వెళ్లి "తంతి తపాలా శాఖ"లో స్థిరపడింది. కరెంటుకు మాత్రం సొరపాదుకూ వీణకూ వాడే మాటే దక్కింది. "తీగ లాగితే డొంక కదిలింది" అంటే మా అబ్బాయికి మొదట తోచింది కరెంటు తీగే. డొంక అంటే ట్రాన్స్‌ఫార్మరా అని అడిగాడు.

మీ ఊళ్లలో ఏమంటారో చెప్పండి.

జవాబు 1: బాగుంది మాస్టారూ. అమరకోశంలో మెరుపు పేర్లు చూడండి: తడిత్, సౌదామని, విద్యుత్, చంచల, చపల. చివరి రెండూ మా ఊరికి కరెంటు తెచ్చే ఫీడర్ లైన్‌ని చూసి పెట్టినట్టున్నాయి. వానాకాలంలో పది నిమిషాలు ఉంటే గొప్ప.

జవాబు 2: మాది కోలారు వైపు, ఇంట్లో తెలుగే. శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టించిన కరెంటును 1902లో మా బంగారు గనులకు తెచ్చారు. దాదాపు 147 కిలోమీటర్లు తీగల మీదే వచ్చింది. బెంగళూరు వీధి దీపాలకు కరెంటు అందింది 1905లో, అంటే నగరం కంటే గని ముందు. మొదట్లో తీగలు ఊళ్ల కోసం రాలేదు, ఊళ్ల మీదుగా వెళ్లాయి. చాలా పల్లెలకు స్తంభం తెలిసిన ఎన్నో ఏళ్లకు గానీ బల్బు తెలియలేదు.

ప్రశ్న వేసింది నేనే, మళ్లీ వచ్చాను: ఆ "మీదుగా వెళ్లడం" మా ఊళ్లోనూ ఉంది. హైటెన్షన్ లైను పొలాల మీదుగా పోతుంది, దాని కరెంటు మాకు రాదు. కానీ పేర్లు మిగిల్చింది. దాని టవర్ కాళ్లు పాతిన మడిని అందరూ "టవర్ మడి" అంటారు, అసలు పేరు పెద్దవాళ్లకే గుర్తు. అన్నట్టు, ఇంగ్లీషువాళ్లు ఆ టవర్‌ని పైలాన్ అంటారు, గ్రీకులో ద్వారం అని అర్థం. మన దగ్గర ఆ మాట దారి తప్పింది. పైలాన్ అనగానే నాయకులు ఆవిష్కరించే స్తూపం గుర్తొస్తుంది. నాగార్జునసాగర్‌లో 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన గుర్తుగా పైలాన్ ఉంది, పక్కనే పైలాన్ కాలనీ. కరెంటు టవర్‌ని పైలాన్ అంటే మా వాళ్లు ఏ మంత్రి వస్తున్నాడని అడుగుతారు.

జవాబు 3: మా నాన్న లైన్‌మన్‌గా రిటైరయ్యారు. ఆయన తీగ అనేవారు కాదండీ, "కండక్టర్" అనేవారు. కండక్టర్ తెగిందని ఫోన్లో చెబుతుంటే చిన్నప్పుడు నాకు బస్సు కండక్టరే కళ్లముందు కనిపించి ఏడుపొచ్చేది. పని చేసే లైనులో సప్లై ఆపించడాన్ని "ఎల్‌సీ తీసుకోవడం" అంటారు, లైన్ క్లియర్ అన్నమాట. అది అందిందని అమ్మకు తెలిస్తే గానీ అన్నం దిగేది కాదు. తీగ అన్న మాట అందంగానే ఉంటుంది, కింద నిలబడి చూసేవాళ్లకు.

నేను: మీ నాన్నగారిని ఒక్కటి అడిగి చెప్పండి. టవర్ చేతులకు దండల్లా వేలాడే పింగాణీ చిప్పల్ని ఆ రోజుల్లో వాళ్లు ఏమనేవారు?