అప్‌డేట్: తాళం చెకింగ్, మందుల్లేకుండా థెరపీ

గ్యాస్ కట్టేశానా, తాళం వేశానా అని ఇరవైసార్లు చూసుకునే ఓసీడీ (వదలని అనుమానాలతో ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య) మందుల్లేకుండా తగ్గుతుందా అని మూడు నెలల క్రితం అడిగాను కదా. నాకైతే చాలావరకు తగ్గింది. సైకాలజిస్ట్ చేయించింది ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అనే థెరపీ: భయపడే పనే చేయాలి, చెక్ చేయకుండా ఆగాలి.

మొదటిరోజు తాళం ఒక్కసారే వేసి వీధి చివరిదాకా నడిచాను. అరచేతుల్లో చెమట, గుండె దడ. టెన్షన్‌కి పదికి తొమ్మిది వేసుకున్నా. నలభై నిమిషాలకు నాలుగుకి దిగింది, వెనక్కి వెళ్లకుండానే!

అసలు కష్టం మా ఆయన్ని "తాళం వేశాను కదా?" అని అడగకపోవడం. ఆయన "వేశావులే" అనడమూ బంద్. ఆ భరోసా కూడా చెకింగేనట!

మందులు వద్దని ఎవరికీ చెప్పను. తీవ్రంగా ఉంటే రెండూ కలిపి ఇస్తారట. మొన్న ఊరెళ్తూ మాత్రం రెండుసార్లు చూశాను.