వాన కురిస్తే లారీ క్యాబిన్‌లోకి నీళ్లు: ఎక్కడి నుంచి దూరుతున్నాయో కనిపెట్టడం ఎలా?

గాజువాక లారీ:

అందరికీ నమస్కారం. నా దగ్గర 2009 మోడల్ ఆరు చక్రాల లారీ ఉంది. గాజువాక ఆటోనగర్‌లో ఇనుప సామాను ఎత్తుకొని అనకాపల్లి, తుని, రాజమహేంద్రవరం వైపు తిరుగుతుంది. షెడ్డు లేనందున రాత్రిళ్లు ఆరుబయటే నిలుపుతాం.

జోరు వాన కురిసినప్పుడల్లా క్లీనర్ కాళ్ల దగ్గర నీళ్లు మడుగు కడుతున్నాయి. మ్యాటు ఎత్తి చూస్తే దాని కింది ఫెల్టు పిండితే కారేంతగా నాని ఉంటోంది. డ్యాష్‌బోర్డు కింద ఉన్న ఫ్యూజు పెట్టెలో రెండు మూడు పిన్నులకు పచ్చటి చిలుము పట్టింది. ఎడమ ఇండికేటరు ఒక్కోసారి దానంతట అదే వెలిగి ఆరుతోంది. ఇది కాక, క్లీనర్ తలుపు పైన పైకప్పు లైనింగు మూలలో టీ రంగు మరక ఒకటి మెల్లగా పెద్దదవుతోంది. చిన్న తుంపరకు ఇవేవీ ఉండవు.

2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుఫానులో బండి ముందరి అద్దం పగిలితే వేరే అద్దం వేయించామని పాత యజమాని చెప్పారు. అద్దం అంచు చుట్టూ పట్టి ఉంచే రబ్బరు బీడింగ్ కూడా మార్చారో లేదో ఆయనకు గుర్తు లేదు. బీడింగ్ చుట్టూ మాత్రం సిలికాన్ పొర మీద పొర పూసి ఉంది. ఒక షాపులో చూపిస్తే, కారణం వెతకడం వృథా, అద్దం విప్పి బీడింగ్ మార్చి పైకప్పు అతుకులన్నింటికీ మళ్లీ సిలికాన్ పెట్టేద్దామన్నారు. ఖర్చుకు వెనుకాడను గానీ, నీళ్లు ఏ దారిన వస్తున్నాయో తెలియకుండా బండిని విప్పించడం నాకు ఇష్టం లేదు. అనుభవం ఉన్నవారు దారి చెప్పగలరు.

టింకరింగ్ మేస్త్రి, ఆటోనగర్:

నమస్కారమండీ. మీరు చెప్పిన గుర్తులను బట్టి నీళ్లు ఒక దారిన కాదు, రెండు దారుల్లో వస్తున్నాయని నా అనుమానం. పైకప్పు మరక ఒక దారిది, కాళ్ల దగ్గరి మడుగు మరొక దారిది కావచ్చు. పాత క్యాబిన్‌లలో బొట్టు పడే చోటు చూసి అక్కడే మందు పూస్తే ఫలితం ఉండదు. పెంకుటింట్లో పెంకు పగిలేది ఒక చోట, నీరు వాసం వెంట జారి మంచం మీద పడేది మరొక చోట. క్యాబిన్‌లో ఆ వాసం పనిని రేకు మడతలూ వైర్ల కట్టలూ చేస్తాయి.

ముందుగా అది వాన నీరేనని నిర్ధారించుకోవాలి. హీటరు ఉన్న క్యాబిన్‌లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారితే వేళ్లకు జారుడుగా తగులుతుంది, కొంచెం తియ్యటి వాసన వేస్తుంది. క్లచ్ పెడల్ నొక్కితే ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండర్ కారితే డ్రైవరు వైపు పెడల్ దగ్గర రేకుకున్న రంగు ఉబ్బి ఊడుతుంది. మీకు తడి వానకే వస్తోంది, అదీ ఎడమ పక్కన, కనుక ఈ రెండింటినీ పక్కన పెట్టవచ్చు.

తరువాత మ్యాటు, ఫెల్టు, క్లీనర్ వైపు తలుపు అట్ట, మరక ఉన్న మూల వరకు పైకప్పు లైనింగు విప్పేయండి. తలుపులు తెరిచి ఎండలో పెట్టి, లోపలి రేకు పూర్తిగా ఆరేదాకా ఆగండి, ఎందుకంటే తడి మీద కొత్త తడి కనిపించదు. ఆరిన రేకు మీద అతుకుల వెంట ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లితే, నీరు దిగినప్పుడు దాని చార ఏ రంధ్రం దగ్గర మొదలైందో స్పష్టంగా తెలుస్తుంది.

పైపుతో నీళ్లు పట్టేటప్పుడు కింది నుంచి పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే జారే నీరు అన్ని చోట్లనూ తడిపేస్తుంది, ఏది దోషో తేలదు. తలుపు కింది అంచుతో మొదలుపెట్టి, వైపర్ల కింద ఉన్న గాలి జాలీ, వైపర్ కడ్డీలు రేకులోంచి బయటికి వచ్చే రంధ్రాలు, అద్దం కింది బీడింగ్, పక్క బీడింగ్, పై బీడింగ్ వరుసగా తడుపుతూ, చివరికి పైకప్పు అతుకులకూ, నెత్తి మీది దీపాల మరలకూ, క్యారియర్ బోల్టులకూ రండి. పైపు మూతిని వేలితో నొక్కకుండా, ఒక్కో చోట ఐదు నుంచి పది నిమిషాలపాటు నీటిని మామూలుగా పారనివ్వండి. లోపల ఒక మనిషి టార్చి పట్టుకొని కూర్చోవాలి. సర్వీసింగ్ షెడ్డులోని ప్రెషర్ గన్ మాత్రం వద్దు, అది వానకు ఏనాడూ కారని మంచి రబ్బరులోంచి కూడా నీటిని లోపలికి తోస్తుంది. ఫ్యూజు పెట్టె తడిసే ప్రమాదం ఉంది కనుక పరీక్షకు ముందే బ్యాటరీ కేబుల్ తీసి పెట్టండి.

పోర్టు రోడ్డు డ్రైవరు:

మేస్త్రి గారు చెప్పిన పద్ధతి సరైనదే. అయితే పైపు పట్టుకునే ముందు ఒక విషయం తేల్చుకోండి: బండి నిలిపి ఉన్నప్పుడు కారుతోందా, నడుస్తున్నప్పుడు కారుతోందా? నిలిపిన బండిలో కారితే పైకప్పు అతుకులు, బీడింగ్, లేదా ఎక్కడో నీళ్లు పోయే దారి మూసుకుపోవడం కారణం. నడుస్తున్నప్పుడు మాత్రమే కారితే ఎదురుగాలి నెట్టడం వల్ల వైపర్ కడ్డీల దగ్గర దూరుతూ ఉండవచ్చు, లేదంటే ముందు చక్రం చిమ్మిన నీరు నేల రేకులోని తుప్పు రంధ్రాల నుంచో, వైర్లు వెళ్లే చోట ఊడిన రబ్బరు గ్రొమెట్ (రంధ్రానికి బిగించే రబ్బరు చుట్టు) నుంచో పైకి వస్తూ ఉండవచ్చు. నేల రేకు కింద ఒకరు టార్చి వేస్తే, లోపల కూర్చున్నవారికి ఆ రంధ్రాలు వెలుగు చుక్కల్లా కనిపిస్తాయి. దానికి నీళ్లు కూడా అక్కర్లేదు.

మన ఊళ్లో ఇంకో బాధ ఉంది. పోర్టు చుట్టుపక్కల తిరిగే బండ్ల మీద బొగ్గు పొడి, ఇనుప ఖనిజం దుమ్ము పేరుకుంటాయి. వైపర్ల కింది జాలీ లోపల నీళ్లు పడే తొట్టి లాంటి భాగం, దాని అడుగున నీళ్లు బయటికి పోయే రంధ్రం ఉంటాయి. ఆ పొడి వానకు తడిసి ముద్దయి రంధ్రంలో గట్టిపడితే తొట్టి నిండి నీరు లోపలికి పొర్లుతుంది. చిన్న తుంపరకు తొట్టి నిండదు కనుకనే మీకు జోరు వానకు మాత్రమే ఈ తంటా వస్తోందని నా ఊహ. తలుపు అడుగున ఉండే రంధ్రాలనూ ఇదే దృష్టితో చూడండి. తలుపు అద్దం సందులోంచి నీరు లోపలికి దిగడం సహజమే, అది కింది రంధ్రాల నుంచి బయటికి పోవాలి. తలుపు ఊపితే లోపల గలగలమని శబ్దం వస్తే అవి పూడుకుపోయాయన్న మాటే. తలుపు అట్ట వెనుక ఉండే ప్లాస్టిక్ షీటును రేడియో స్పీకర్ల కోసం చించేస్తుంటారు, అదీ గమనించండి.

గాజువాక లారీ:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆదివారం బండి ఆపి, మీరు చెప్పినట్టే అంతా విప్పి ఆరబెట్టి, మా క్లీనరును లోపల కూర్చోబెట్టి చూశాను. తలుపు కింది అంచు దగ్గర ఏమీ దిగలేదు. జాలీ దగ్గర నీళ్లు పట్టిన కాసేపటికి ఎడమ మూల నుంచి సన్నటి ధార మొదలై, వైర్ల కట్ట వెంట జారి, ఫ్యూజు పెట్టె అంచు మీదుగా నేల మీద పడింది. జాలీ తీసి చూస్తే రంధ్రం పూర్తిగా మూసుకుపోయి, నల్లటి మడ్డి అచ్చు పోసినట్టు గట్టిపడి ఉంది. ఇనుప తీగతో పొడిచి, నీళ్లు పోసి కడిగాక ధార ఆగిపోయింది. పోర్టు రోడ్డు డ్రైవరు గారి ఊహ అక్షరాలా నిజమైంది.

పైకప్పు మరక సంగతి వేరు. పక్క బీడింగ్ తడిపితే ఏమీ రాలేదు. అద్దం పై బీడింగ్ ఎడమ మూలను తడిపినప్పుడు పౌడరు మీద చార కనిపించింది. ఆ మూలలో పాత సిలికాన్‌ను గోటితో లాగితే ఊడి వచ్చింది. దాని కింద రబ్బరు ఎండి పగుళ్లు బారింది, రేకు అంచు తుప్పు పట్టి పొలుసులుగా రాలుతోంది. ఇప్పుడు ఆ మూల వరకు శుభ్రం చేసి సీలెంట్ పెడితే చాలా, లేక అద్దం విప్పక తప్పదా?

కూర్మన్నపాలెం వర్క్‌షాపు:

విప్పకుండా కొంతకాలం నెట్టుకు రావచ్చు. బీడింగ్ పెదవిని చెక్క బద్దతో ఎత్తి, లోపలి మురికిని బ్రష్‌తో తీసి, పూర్తిగా ఆరాక అద్దాలకు వాడే నల్ల సీలెంట్‌ను రబ్బరు కిందికి ఎక్కించాలి, రబ్బరు మీద పూస్తే లాభం లేదు. పుల్లటి వెనిగర్ వాసన వేసే సిలికాన్ వాడవద్దు. అది ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, రంగు పోయిన రేకును తినేస్తుంది. ఈ వానాకాలానికి ఇది చాలునని నా అభిప్రాయం. పాత అద్దం విప్పేటప్పుడు పగిలితే ఆ ఖర్చు అదనం.

టింకరింగ్ మేస్త్రి, ఆటోనగర్:

సీలెంట్ రకం విషయంలో ఏకీభవిస్తాను, విప్పకుండా వదలడంతో మాత్రం ఏకీభవించను. రేకు పొలుసులుగా రాలుతోందంటే తుప్పు కనిపించినంత మేరకే ఉండదు, రబ్బరు గాడి వెంట ఇంకా పాకి ఉంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో పైన సీలెంట్ వేసి లోపల ఉప్పు తడిని బంధిస్తే, వచ్చే ఏడాది ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) నాటికి రబ్బరును పట్టుకోవడానికి అంచే మిగలకపోవచ్చు. అద్దం విప్పించి, తుప్పును తెల్ల రేకు వచ్చేదాకా గీకించి, చిల్లులు పడిన చోట ముక్క వెల్డింగ్ చేయించి, జింక్ ప్రైమరూ రంగూ ఆరాక కొత్త బీడింగ్‌తో బిగించమనండి. చిల్లును లప్పంతో పూడ్చనివ్వకండి. పాత రబ్బరు ఎలాగూ పోయింది కనుక దాన్ని కత్తితో కోసి తీయమంటే అద్దం పగిలే భయం చాలావరకు తగ్గుతుంది. బిగించేటప్పుడు రబ్బరు గాడిలో తాడు పెట్టి, సబ్బు నీళ్లు రాసి, ఒకరు బయటి నుంచి అద్దాన్ని అదుముతుంటే మరొకరు లోపలి నుంచి తాడు లాగే మనుషులకే పని ఇవ్వండి. స్క్రూడ్రైవరుతో పొడిచి ఎక్కించేవారి చేతిలో కొత్త రబ్బరు మొదటి రోజే చిరుగుతుంది.

అంతవరకు వాన సూచన ఉన్న రాత్రుల్లో ఆ మూల మీద టార్పాలిన్ కప్పండి. ఫెల్టును మాత్రం ఎండబెట్టి మళ్లీ వేయకండి, పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, నేల రేకును కింది నుంచి తినేస్తుంది. ఫ్యూజు పెట్టెలో చిలుము పట్టిన పిన్నులను గీకి వదిలేయకుండా మార్పించండి. ఇండికేటరు అప్పటికీ అలాగే వెలుగుతుంటే, ఎడమ పక్క రేకుకు బిగించిన ఎర్త్ వైరు బోల్టు విప్పి, దాని కింద తుప్పు ఉందేమో చూడండి.