పొద్దుగాల లేవని పాత పెంటియం-4, కండెన్సర్ల పనేనా?

హనుమకొండ డీటీపీ:
అన్నలు, జర చూడుండ్రి. పెళ్లి కార్డుల పనంతా ఇంకా పాత పెంటియం-4 మీదనే చేస్తున్న. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అన్నీ దాంట్లనే ఉన్నయి. పది రోజుల సంది పొద్దుగాల స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతది, తెర మీద ఏం రాదు. అయిదారుసార్లు ఆన్ ఆఫ్ చేస్తే లేస్తది. ఒక్కసారి లేచిందంటే రాత్రి దాకా మంచిగనే నడుస్తది. ర్యామ్ రబ్బరుతోని తుడిచి పెట్టిన, ఫాయిదా లేదు. ప్రాసెసర్ పక్కన ఏడు కండెన్సర్లల్ల రెండిటి తల ఉబ్బింది, మిగిలినయి చదునుగనే ఉన్నయి. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌ల పెడితే ఏడూ కూస్తున్నయి. అన్నీ షార్టేనా?

కాజీపేట రిపేర్:
తమ్మీ, ఆ కూతను నమ్మకు. అవన్నీ ప్యారలల్‌ల ఉంటయి, ప్రాసెసర్ గూడ ఆ లైన్ మీదనే. మంచి మదర్‌బోర్డు గూడ అట్లనే కూస్తది. బోర్డు మీద మైక్రోఫారడ్లు (కండెన్సర్ కెపాసిటీ) కొలిచినా అన్నీ కలిపే చూపిస్తది.

నువ్వు చెప్పిన ఆ పొద్దుగాలి కథనే అసలు గుర్తు. కండెన్సర్ లోపలి ద్రవం ఎండితే ఈఎస్‌ఆర్ (దాని లోపలి నిరోధం) పెరుగుతది, చల్లగున్నప్పుడు ఇంకా పెరుగుతది. ముందు ఎవలదన్న మంచి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే డబ్బా) తెచ్చి పెట్టి చూడు. నీది మాత్రం విప్పకు, లోపలి పెద్ద కండెన్సర్ల మీద 300 ఓల్టులు ఉంటది, ప్లగ్ పీకినా కొంతసేపు పోదు. దాంతోని లేవకుంటే, రేపు పొద్దుగాల ఆన్ చేసే ముందు ఆ వరుసకు హెయిర్ డ్రయ్యర్‌తోని రెండు నిమిషాలు వేడిగాలి కొట్టు. మొదటిసారికే లేస్తే దొంగ దొరికినట్టే.

కరీంనగర్ నుంచి:
మారిస్తే ఏడూ మార్చు, ఉబ్బినయి రెండే కాదు. దుకాణంల ‘లో-ఈఎస్‌ఆర్’ (ఈఎస్‌ఆర్ తక్కువున్నది), 105 డిగ్రీలది అని గట్టిగ అడుగు, లేకుంటే రేడియోకు వేసేది చేతుల పెడతరు. మైక్రోఫారడ్లు అంతే ఉండాలె, ఓల్టులు ఎక్కువున్నా ఫరవాలేదు. లావు గూడ చూసుకో, ప్రాసెసర్ మీది హీట్‌సింక్‌కు తాకొద్దు. పీకే ముందు ఫోన్‌ల ఫొటో తియ్యి. కండెన్సర్ మీద గీత దిక్కు కాలు మైనస్. బోర్డు మీద కండెన్సర్ కూసునే గుండ్రటి గుర్తుల తెల్ల సగం చాలావాటిల్ల మైనసే గని, కొన్నిటిల్ల ఉల్టా ఉంటది.

హనుమకొండ డీటీపీ:
ఎస్‌ఎంపీఎస్ మార్చినా అంతే. డ్రయ్యర్ కొడితే ఒక్క దెబ్బకు లేచింది! ఏడూ తెచ్చిన, కని 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తోని ఒక్క కాలు దగ్గర లెడ్ (టంకం) కరుగుతలేదు.

కాజీపేట రిపేర్:
కరగదు. మైనస్ కాలు బోర్డు లోపలి రాగి పొరకు అంటి ఉంటది, వేడంతా అదే గుంజుకుంటది. 60 వాట్లది, మొన లావుగున్నది తీసుకో. పాత లెడ్ మీద కొంచెం కొత్తది కలుపు, అప్పుడు జారుతది. ఒక కాలు వేడి చేసి కొంచెం వంచు, తర్వాత రెండోది. అట్ల ఊపుకుంట తియ్యాలె. బలంగ గుంజితే రంధ్రం లోపలి పూత ఊడొస్తది, ఇగ బోర్డు పోయినట్టే. రంధ్రం మూసుకపోతే వేడి మీద టూత్‌పిక్ గుచ్చు, లెడ్ కట్టెకు అంటదు.

హనుమకొండ డీటీపీ:
ఏడూ అయినయి అన్నా, రెండు పూటలు పట్టింది. చదునుగున్నదాన్ని ఒకటి పీకితే అడుగు రబ్బరు చుట్టూ గోధుమరంగు తడి! పైన చూస్తే కొత్తదాని లెక్కనే ఉండె. మూడు రోజుల సంది పొద్దుగాల ఒక్కసారికే లేస్తుంది.

కాజీపేట రిపేర్:
ఆ తడి బోర్డు మీద ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోని తుడువు, లేకుంటే ఆ తడి రాగిని తింటది.