నటుడి సొంత గాయం పాత్రకు పెట్టుబడి కావచ్చునా?

తెరచాటు:

కొద్ది వారాల్లో ప్రదర్శించబోయే ఒక నాటకంలో నేను తల్లి పాత్ర పోషిస్తున్నాను. తన ఏమరుపాటు వల్ల నీటిలో మునిగి చనిపోయిన బిడ్డ గురించి ఆమె మూడో రంగంలో మొదటిసారి నోరు విప్పుతుంది. దాదాపు పదకొండు నిమిషాలు ఆమె ఒక్కతే మాట్లాడుతుంది. నాకు పిల్లలు లేరు. చిన్నతనంలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నాను. ఆ సంగతి తెలిసిన మా దర్శకుడు, ఆ రంగానికి ముందు ప్రతిసారీ తమ్ముడి చివరి రోజును తలచుకుని వేదిక మీదికి రమ్మంటున్నారు. రెండు రిహార్సళ్లలో అలాగే చేశాను. కన్నీళ్లు ధారగా వచ్చాయి, చూసినవారు కదిలిపోయారు. ఇంటికి వెళ్లాక మాత్రం నిద్ర పట్టలేదు. తమ్ముడి జ్ఞాపకాన్ని ఒక పనిముట్టులా వాడుతున్నానన్న ఆలోచన అంతకన్నా ఎక్కువగా బాధిస్తోంది. కఠినమైన పాత్రకు దగ్గర కావాలంటే ఇది తప్పదా?

మూడోగంట:

మీ బాధ నాకు అర్థమవుతోంది, అయినా మీ దర్శకుణ్ణి తొందరపడి తప్పుపట్టలేను. ఈ ప్రశ్న చాలా పాతది. ప్రాచీన గ్రీకు నటుడు పోలస్, సోఫొక్లిస్ నాటకంలో ఎలెక్ట్రా పాత్ర ధరించినప్పుడు, తమ్ముడి చితాభస్మమని నమ్మి ఆమె ఏడ్చే కలశానికి బదులు, అప్పటికి కొంతకాలం ముందే చనిపోయిన తన కొడుకు చితాభస్మ కలశాన్ని సమాధి నుంచి తెచ్చి చేతుల్లో పట్టుకున్నాడని రోమన్ రచయిత ఆలస్ గెల్లియస్ రాశాడు. ఆ రోజు ప్రేక్షకులు చూసినది అభినయం కాదు, నిజమైన శోకం అంటాడాయన. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరైన స్తానిస్లావ్‌స్కీ కూడా, నటుడి అనుభవంలో నిలిచిపోయిన ఉద్వేగాల జ్ఞాపకాన్ని పాత్రకు ముడిసరుకుగా చూశాడు. అంత దూరం వెళ్లడమెందుకు, లోపలి భావాన్ని ఒంటి మీద కనిపించేలా చేసే సత్త్వం మనస్సు నుంచి పుడుతుందనీ, దుఃఖం లేనివాడు దుఃఖాన్ని ఎలా అభినయించగలడనీ నాట్యశాస్త్రమే అడుగుతుంది. గొంతు గద్గదమవడం, ఒళ్లు వణకడం, ముఖం పాలిపోవడం చేతులు తిప్పినంత సులువుగా వచ్చేవి కావు. లోపల ఏమీ లేకుండా పైపైన చేసిన ఏడుపును చివరి వరుసలో కూర్చున్నవారు సైతం పసిగడతారు.

వాచికం:

మూడోగంట గారు చెప్పిన ఉదాహరణలు గొప్పవే. అయితే పోలస్ సంగతి గెల్లియస్ రాసినది కొన్ని శతాబ్దాల తరువాత. అందులో మనకు తెలిసేది ఒక్క ప్రదర్శన గురించి. ఆ కలశాన్ని నలభైసార్లు ఎత్తుకోవలసి వస్తే ఏమవుతుందన్నది రంగస్థల నటుడి అసలు సమస్య.

నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు, రసం నటుడిలో ఉండదనీ, రసాన్ని ఆస్వాదించడానికి అతడు సాధనమనీ, అందుకే అతణ్ణి ‘పాత్ర’ అన్నారనీ చెప్పాడు. మద్యం రుచి గిన్నెకు తెలియదు కదా అన్నది ఆయన పోలిక. తెలుగులో రోజూ ‘పాత్ర వేశాను’ అంటూనే ఉంటాం గానీ, ఆ మాటలోని గిన్నెను మరచిపోయాం. గిన్నెకు కావలసింది పగుళ్లు లేకపోవడం.

స్తానిస్లావ్‌స్కీ కూడా ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోలేదు. అమెరికన్ నటి స్టెల్లా ఆడ్లర్ 1934లో పారిస్‌లో ఆయనను కలిసి కొన్ని వారాలు పనిచేసి, సొంత జ్ఞాపకాలను తవ్వుకోవడం కన్నా నాటకం ఇచ్చిన పరిస్థితులూ, ఊహా, చర్యలూ ముఖ్యమన్న పాఠంతో తిరిగి వెళ్లింది. ఆమె బృందంలో దాని మీద పెద్ద వివాదమే నడిచింది. తన చివరి సంవత్సరాల్లో ఆయన శారీరక చర్యల మీదనే ఎక్కువగా పనిచేశాడు.

ఇక నా అనుభవం. ఒక నాటకంలో కొడుకును పోగొట్టుకున్న తండ్రిగా నటించాను. ఆస్పత్రిలో మా నాన్న చివరి రాత్రిని తలచుకుని ఆ రంగంలోకి వెళ్లేవాణ్ణి. మొదటి నాలుగు ప్రదర్శనలు అద్భుతంగా సాగాయి. తొమ్మిదో ప్రదర్శనలో జ్ఞాపకం ఎండిపోయింది. వేదిక మధ్యలో నిలబడి మా నాన్న ముఖాన్ని వెతుక్కుంటున్నాను. ఎదుట నా భార్యగా నటిస్తున్న ఆమె చెప్పిన మాట నాకు వినబడలేదు. ఆమె అదే మాటను మరోలా మార్చి మళ్లీ అంది. ఆ క్షణంలో నేను నాటకంలో లేను, మా నాన్న దగ్గరా లేను. ఆ తరువాత దర్శకుడు నా చేతికి కొడుకు చొక్కా ఇచ్చి, మాట్లాడుతూ దానికి పైనుంచి బొత్తాలు పెట్టమన్నారు. మూడో బొత్తం ఊడిపోయి ఉంది. మాట్లాడుతూండగా వేళ్లు అక్కడికి వచ్చి ఖాళీ కాజా దగ్గర తడుముకుని ఆగేవి, వాటితోపాటు నా ఊపిరీ ఆగేది. ఆ తరువాత కన్నీటి కోసం వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

తెరచాటు గారూ, మీ తల్లి ఆ పదకొండు నిమిషాల్లో ఏడవాలనుకుంటోందా? దుఃఖంలో ఉన్న మనిషి సాధారణంగా ఏడుపును ఆపుకుని వాక్యం పూర్తిచేయాలని పెనుగులాడుతుంది. సంభాషణలో ఆమె ఎక్కడ మాట మారుస్తోందో, ఏ పేరు పలకకుండా తప్పుకుంటోందో గుర్తులు పెట్టుకుని చూడండి. ఆమెను మీరు అక్కడ కలుసుకుంటారు.

ప్రాంప్టర్:

ఏళ్ల తరబడి పక్క తెర వెనుక నిలబడి నాటక ప్రతి పట్టుకుని చూసినవాణ్ణి కనుక ఒక్క మాట చెబుతాను. పాత్రలోకి ఎలా వెళ్లాలో నేర్పే దర్శకులను చాలామందిని చూశాను గానీ, తిరిగి బయటికి రావడం నేర్పినవారు తక్కువ. మేకప్ తుడుచుకోవడం, దుస్తులు మడతపెట్టి అప్పగించడం, తోటి నటులను వారి సొంత పేర్లతో పిలవడం వంటి చిన్న పనులను ప్రదర్శనలో భాగంగానే చూడాలి. ఇంకొకటి, నటి మనస్సులోని గాయానికి పేరు పెట్టి ‘దీన్ని వాడుకో’ అనే హక్కు దర్శకుడికి లేదు. ఆమె తనంతట తాను తెచ్చుకుంటే అది వేరు.

మూడోగంట:

ప్రాంప్టర్ గారి చివరి మాటను పూర్తిగా అంగీకరిస్తున్నాను. నాట్యశాస్త్రం విషయంలో నేను కొంత ఎక్కువ చెప్పాను. అక్కడ సత్త్వానికి మూలం మనస్సు సమాహితం కావడమే, అంటే ఏకాగ్రం కావడమే గాని, సొంత విషాదాన్ని తవ్వుకోవడం కాదు. అయితే వాచికం గారి బొత్తం కథ మీద నా సందేహం అలాగే ఉంది. తండ్రి మరణాన్ని అన్నిసార్లు మనస్సులో దాటి వచ్చిన తరువాతే ఆ ఖాళీ కాజా ఆయనకు అంత బరువైనదేమో. మొదటి రోజునే ఒక కొత్త నటుడికి ఆ చొక్కా ఇస్తే, అతడికి అది ఊడిపోయిన బొత్తంగానే కనిపించవచ్చు.

వాచికం:

ఆ సందేహం సబబైనదే. నాన్న జ్ఞాపకం లేకుండా నేను ఆ చొక్కా దాకా వచ్చేవాణ్ణని చెప్పలేను. కాబట్టి నా మాటను సరిదిద్దుకుంటాను: నటుడు తానై కోరుకుంటే జ్ఞాపకం రిహార్సల్ గదిలో దారి చూపవచ్చు. ప్రదర్శన మాత్రం ప్రతి సాయంత్రం దాని మీద ఆధారపడకూడదు.

తెరచాటు:

మీ అందరి మాటలూ చదివి, తమ్ముణ్ణి తలచుకోకుండా ఒక్కసారి ప్రయత్నిస్తానని దర్శకుణ్ణి అడిగాను. ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నారు. సంభాషణను మళ్లీ చదివితే, పదకొండు నిమిషాల్లో ఆ తల్లి బిడ్డ పేరు ఒక్కసారి కూడా పలకదని తెలిసింది. ఇన్నాళ్లూ నేను గమనించనేలేదు. చేతికి ఒక తువ్వాలు తీసుకుని, మాట్లాడుతున్నంతసేపూ దాన్ని చిన్న చిన్న మడతలుగా పెడుతూ వచ్చాను. పేరు రావలసిన చోటల్లా మడత విప్పి మళ్లీ మొదలుపెట్టాను. కన్నీళ్లు రాలేదు. దర్శకుడు మెచ్చుకోలేదు, వద్దనీ అనలేదు. మరునాడు మళ్లీ అలాగే చేయమన్నారు. మరునాడు నాలుగో మడత దగ్గర తమ్ముడు గుర్తొచ్చాడు. నేను పిలవలేదు. పేరు పలకకుండా వాక్యం పూర్తిచేయవలసి ఉంది, పూర్తిచేశాను.