గౌను ఒకటే, ఆపింది మాత్రం ఒక్కరినే: ఫ్రాన్స్ బడి రూల్ గురించి సందేహం

సీన్_ఒడ్డున:
మేం పారిస్ శివార్లలో ఉంటాం. మా అమ్మాయికి పదమూడేళ్లు, ప్రభుత్వ బడి. తనూ, తన స్నేహితురాలూ కలిసి సేల్‌లో ఒకే రకం పొడుగు గౌన్లు కొనుక్కున్నారు. మాది నలుపు, వాళ్లది ముదురాకుపచ్చ. సోమవారం ఇద్దరూ అవే వేసుకెళ్లారు. ఆ పిల్ల తలకి కట్టుకునే స్కార్ఫ్ రోజూలాగే వీధి మలుపులోనే తీసి బ్యాగులో పెట్టేసింది. అయినా గేటు దగ్గర ఆపి, "ఇది అబాయా, మార్చుకుని రా" అని ఇంటికి పంపేశారు. అబాయా అంటే కొందరు ముస్లిం స్త్రీలు వేసుకునే వదులుగా ఉండే పొడుగు గౌను. మా అమ్మాయిని ఎవరూ పలకరించలేదు, నుదుట స్టిక్కర్ బొట్టు కూడా ఉంది మరి. సాయంత్రం వచ్చి "అమ్మా, నాది మతం కాదా?" అంది. ఏం చెప్పను?

వాళ్లమ్మ ప్రిన్సిపాల్ దగ్గరికి నన్ను తోడు రమ్మంటోంది. వెళ్లి ఏం అడగాలండీ?

పాత_ఫైళ్లు:
2004 మార్చి 15 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనబడే మత చిహ్నాలు కుదరవు. చిన్న శిలువ లాంటివి ఫర్వాలేదు. 2023లో అబాయా కూడా ఆ లెక్కలోకే వస్తుందని మంత్రిత్వ శాఖ తేల్చింది, సెప్టెంబరులో కాన్సే దెతా (ప్రభుత్వ నిర్ణయాల మీద తీర్పు చెప్పే పెద్ద కోర్టు) కూడా దాన్ని ఆపలేదు. చిక్కెక్కడంటే, ఎన్ని అంగుళాలు దాటితే గౌను అబాయా అవుతుందో కొలత లేదు. చూసేవాడి కన్నే టేపు. ఒకటి గుర్తుపెట్టుకోండి: క్రమశిక్షణ చర్యకి ముందు విద్యార్థితో మాట్లాడాలని అదే చట్టంలో ఉంది. "మాట్లాడారా?" అని అడగండి, రాతపూర్వకంగా.

నిక్కచ్చి:
అందరూ చట్టాన్నే తిడతారు. స్కార్ఫ్ లేదని తోటి పిల్లల చేత మాటలు పడ్డ ఆడపిల్లలూ ఉన్నారండీ. వాళ్లకి బడి ఒక్కటే ఊపిరి తీసుకునే చోటు. 1905లో చర్చినీ ప్రభుత్వాన్నీ విడదీయకపోతే ఇవాళ మనమూ పాదరీ మాట వినేవాళ్లం.

స్ట్రాస్‌బూర్గ్_బాబాయ్:
పాదరీ మాటా? మా ఊరొచ్చి చూడు నాయనా. 1905లో మా అల్సాస్ ప్రాంతం జర్మనీ చేతిలో ఉంది కాబట్టి ఆ చట్టం ఇక్కడ ఇప్పటికీ లేదు. క్యాథలిక్ పాదరీకీ, ప్రొటెస్టెంట్ పాస్టర్‌కీ, యూదు రబ్బీకీ జీతం ప్రభుత్వమే ఇస్తుంది. ఇమామ్‌కి ఇవ్వదు, ప్రభుత్వం గుర్తించిన మతాల పాత జాబితాలో ఇస్లాం లేదు. 2004 చట్టం మాత్రం ఇక్కడి పిల్లలకీ వర్తిస్తుంది!

నా సిక్కు కొలీగ్ వాళ్లబ్బాయి తలపాగా తీయనన్నాడు. చివరికి క్యాథలిక్ ప్రైవేటు బడిలో చేర్పించారు, అక్కడ ఈ నిషేధం లేదు. అందులోనూ టీచర్ల జీతాలు చాలావరకు ప్రభుత్వానివే. లౌకికవాదం పుణ్యమా అని సర్దార్జీ కొడుకు సన్యాసినుల బడికి.

నిక్కచ్చి:
అల్సాస్ సంగతి ఒప్పుకుంటాను. అది ఎప్పుడో ఎత్తేయాల్సింది.

సీన్_ఒడ్డున:
నిన్న వెళ్లొచ్చాం. రెండు గౌన్లూ మడతపెట్టి తీసుకెళ్లి ప్రిన్సిపాల్ బల్ల మీద పక్కపక్కన పరిచాను. "వీటిలో అబాయా ఏది సార్?" అన్నాను. ఆయన లేబుళ్లు తిప్పి చూశారు, ఒకటే షాపు. కాసేపాగి, "బట్ట కాదమ్మా, వేసుకున్న ఉద్దేశం ముఖ్యం" అన్నారు. మరి ఆ పిల్లని ఉద్దేశం అడిగారా అంటే, గేటు దగ్గర అంత టైం ఉండదన్నారు. వాళ్లమ్మ అప్పటిదాకా నోరు విప్పలేదు, అప్పుడు మాత్రం "సేల్‌లో ఉందని కొనుక్కుంది" అంది, అంతే.

గురువారం కూర్చోబెట్టి మాట్లాడతామని కాగితం రాసిచ్చారు. పాత_ఫైళ్లు గారూ, థాంక్సండీ, అది మీ చలవే. పిల్ల మాత్రం ఈలోపు జీన్స్‌లో బడికి వెళ్తోంది. ఆకుపచ్చ గౌను ఇంకా నా సంచిలోనే ఉంది, తిరిగి ఇవ్వబోతే "మీ దగ్గరే ఉంచండాంటీ" అంది.