అరవై వేలలో ఎడిటింగ్ ల్యాప్‌టాప్: గ్రాఫిక్స్ కార్డు చూడాలా, ర్యామ్ చూడాలా?

తెనాలి ఫ్రేమ్స్:
అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో ఏడాది, మాస్ కమ్యూనికేషన్. ఇన్నాళ్ళూ ఫోన్లో వీఎన్ అనే ఎడిటింగ్ యాప్‌తోనే లాక్కొచ్చాను. ఈ సెమిస్టర్‌లో షార్ట్ ఫిల్మ్ ప్రాజెక్టు ఉంది. దానికి తోడు పెళ్ళి హైలైట్స్ కట్ చేసిపెడితే డబ్బులిస్తామని మా ఊళ్ళో ఒక స్టూడియో వాళ్ళు అన్నారు. అరవై వేలు దాటితే నా వల్ల కాదని నాన్న ముందే చెప్పేశారు.

రెండు చూసిపెట్టుకున్నా. ఒకటి గేమింగ్ ల్యాప్‌టాప్: ఐ5-12450హెచ్, ఆర్‌టీఎక్స్ 2050 కార్డు, 8 జీబీ ర్యామ్. రెండోది కార్డు లేని సన్నటి మోడల్: రైజెన్ 5 7520యూ, 16 జీబీ ఎల్‌పీడీడీఆర్5, స్క్రీన్ మాత్రం అదిరింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్. ఏది తీసుకోమంటారు?

గాజువాక గేమర్:
కార్డు ఉన్నదే. ఇందులో ఆలోచించడానికేం లేదు తమ్ముడూ. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చు, ఎస్‌ఎస్‌డీ తర్వాత పెంచుకోవచ్చు. ఈ ధర ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్పు (జీపీయూ) బోర్డుకే అతికించి వస్తుంది, మళ్ళీ మార్చే పని లేదు. మార్చలేనిదాని మీదే డబ్బు పెట్టాలి. పైగా రిజాల్వ్ అంటున్నావు. కలర్ పనీ, ఎఫెక్టులూ అది జీపీయూ మీదే లాగిస్తుంది.

కరీంనగర్ కట్స్:
“ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చు” అనే మాట మొన్నమొన్నటి దాకా చెల్లింది అన్నా. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎట్లా ఎగబాకినయో షాపులో అడిగి చూడండి. చిప్పులు తయారు చేసే కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్ళినయి, మనలాంటోళ్ళకు వచ్చే ర్యామ్ స్టిక్కులు తగ్గినయి. క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్మే మైక్రాన్ ఆ మామూలు కొనుగోలుదారుల వ్యాపారమే మూసేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. కాబట్టి ఆ “తర్వాత” ఖర్చును ఇప్పుడే అరవై వేలలో కలిపి లెక్కెయ్యాలె.

నేను పెళ్ళిళ్ళ ఎడిటింగ్ మీదే బతుకుతున్న. 8 జీబీలో విండోస్, క్రోమ్ తెరిచేసరికే సగం పోతుంది. రిజాల్వ్ తయారీదారులే 16 జీబీ ఉండాలంటున్నరు, అందులోని ఎఫెక్టుల విభాగం ఫ్యూజన్ వాడితే 32. ఇక ఆ 2050 కార్డు మెమరీ 4 జీబీ, ఆ మెమరీకి డేటా నడిచే దారి (బస్) 64 బిట్లే. 4కె టైమ్‌లైన్‌లో నాలుగు ఎఫెక్టులు పడంగనే జీపీయూ మెమరీ నిండిందని మెసేజ్ వస్తది. కార్డు పేరు చూసి మోసపోవద్దు.

గాజువాక గేమర్:
మెసేజ్ వస్తే టైమ్‌లైన్‌ను 1080కి దించుకుంటాడు, ఎక్స్‌పోర్ట్ అప్పుడు మళ్ళీ పెంచుకుంటాడు. అసలు కార్డే లేకపోతే దించుకోవడానికి కూడా ఏమీ ఉండదు. ర్యామ్ ఎక్కువుంటే ప్రోగ్రామ్ పడిపోకుండా ఆగుతుందేమో కానీ, కలర్ మార్పులు (నోడ్లు) పెట్టాక ప్లేబ్యాక్ నత్తనడకే.

సర్వీస్ బల్ల, సికింద్రాబాద్:
పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర రిపేర్ పని నాది. మీరిద్దరూ కార్డూ ర్యామూ అని కొట్టుకుంటున్నారు, పిల్లాడు రాసిన రెండో మోడల్ పేరు ఎవరూ సరిగ్గా చదవలేదు.

7520యూ. ఏఎండీ 7000 వరుస ల్యాప్‌టాప్ చిప్పుల్లో మొదటి అంకె కాదు, మూడో అంకె చూడాలి. ఏ తరం డిజైనో చెప్పేది అదే. ఇక్కడ 2 ఉంది, అంటే జెన్ 2. పెట్టె మీద కొత్తగా 7000 అని కనబడుతుంది, లోపల ఉన్నది పాత డిజైన్, నాలుగే కోర్లు. లోపలి గ్రాఫిక్స్ కూడా నామమాత్రం. టైపింగుకీ ఆన్‌లైన్ క్లాసులకీ బంగారంలా పనిచేస్తుంది, 4కె ఎడిటింగుకి కాదు. ఎల్‌పీడీడీఆర్ అన్న ఐదక్షరాలు ఈ ధర మోడల్ స్పెక్‌లో ఉంటే ఆ ర్యామ్ బోర్డుకి అతికించినదే. కొన్ననాడు ఎంతో, పారేసిననాడూ అంతే.

డిస్‌ప్లే పీస్ ఉంటే షాపులోనే టాస్క్ మేనేజర్ తెరువు. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే కింద ఫామ్ ఫ్యాక్టర్ అని ఉంటుంది. సోడిమ్ అని చూపిస్తే స్టిక్కు, “రో ఆఫ్ చిప్స్” అంటే అతికించినది. పక్కనే ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడారో కూడా రాసి ఉంటుంది. సేల్స్ కుర్రాడు “అన్నీ అప్‌గ్రేడ్ అవుతాయి సార్” అంటాడు. ఆ తెర చూపించి మాట్లాడమను.

ఇంకోటి. కార్డు లేని ఇంటెల్ మోడల్ కొంటే ర్యామ్ జతగా ఉండాలి. ఐరిస్ ఎక్స్‌ఈ (ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో మెరుగైన రకం) అని స్టిక్కర్ అంటించిన ల్యాప్‌టాప్‌లో ఒకటే స్టిక్కు ఉంటే విండోస్‌లో ఉత్త యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అనే చూపిస్తుంది. రెండో స్టిక్కు పెట్టగానే పేరు మారుతుంది, వేగమూ పెరుగుతుంది. కార్డు లేని ల్యాప్‌టాప్‌లో జీపీయూకి వేరే మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌లోంచే తీసుకుంటుంది మరి.

బెజవాడ మ్యాక్:
ఇంత గొడవ ఎందుకండీ, సెకండ్‌హ్యాండ్ ఆపిల్ ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ చూసుకోండి. ఫ్యాన్ కూడా ఉండదు, చప్పుడు లేదు.

కరీంనగర్ కట్స్:
8 జీబీ, 256 జీబీ ఎం1 అయితే ఏదీ పెంచలేం. 2020 నవంబర్‌లో వచ్చిన మెషీన్, సెకండ్‌హ్యాండ్‌లో బ్యాటరీ ఎట్లుంటదో మన అదృష్టం. ఫోన్ వీడియోలకు నిజంగానే మంచిది, కాదనను. పెళ్ళి ఫుటేజీ పెట్టడానికి జాగా ఏది?

డల్లాస్ నుంచి:
ఇక్కడ నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకో తమ్ముడూ, సేల్‌లో చవగ్గా దొరుకుతాయి. ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ తెచ్చుకుంటే సుంకం లేదు.

సర్వీస్ బల్ల, సికింద్రాబాద్:
సుంకం లేదు, నిజమే. మరి వారంటీ? చాలా మోడళ్ళకి అమెరికా వారంటీ అమెరికాలోనే. బోర్డు పోతే నా బల్ల మీదికే వస్తుంది.

ఎడిట్ అక్క:
ఇంతమంది మాట్లాడారు, అసలు ఏ ఫుటేజీ కట్ చేస్తావని తమ్ముణ్ణి ఒక్కరూ అడగలేదు. స్టూడియో వాళ్ళ కెమెరా ఏంటి నాన్నా? ఏ ఫార్మాట్‌లో తీస్తారు?

తెనాలి ఫ్రేమ్స్:
సోనీ ఏ7 ఫోర్ అక్కా. ఫోన్ చేసి అడిగాను. 4కె, 10-బిట్, 4:2:2 అన్నారు. నా షార్ట్ ఫిల్మ్ అయితే ఫోన్‌తోనే.

ఎడిట్ అక్క:
అయితే లెక్క మారిపోయింది.

కార్డు పెద్దదా చిన్నదా అని కాదు, ఈ ఫుటేజీని విప్పి చూపించే డీకోడర్ ఎవరి దగ్గర ఉందన్నది ముందు ప్రశ్న. 10-బిట్ 4:2:2 అంటే రంగుల వివరం ఎక్కువగా దాచే రికార్డింగ్, హెచ్.265 అంటే వీడియోని కుదించే పద్ధతి. ఆ రెండూ కలిసిన ఫుటేజీని హార్డ్‌వేర్‌లో విప్పడం ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కి వచ్చు. ఎన్‌విడియా కార్డులకి 50 సిరీస్‌తోనే (5050, 5060 లాంటివి) వచ్చింది. 2050కి రాదు, 3050కీ రాదు, ఆ మాటకొస్తే లక్షలు పోసిన 4090కీ రాదు. మెషీన్ సంగతి అలా ఉంచితే సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని వాడుకోవాలి. అడోబీ ప్రీమియర్ వాడుకుంటుంది. రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో ఈ రకం ఫుటేజీ దగ్గర ఇబ్బందే, రిజాల్వ్ స్టూడియో అనే డబ్బు వెర్షన్ అంటే 295 డాలర్లు. నెలనెలా కట్టక్కర్లేదు, ఒకసారి కొంటే చాలు. మొదటి సంపాదనతో కొనుక్కో.

అదే సోనీలో ఎక్స్‌ఏవీసీ ఎస్ అని ఇంకో ఫార్మాట్ ఉంది, అది హెచ్.264. అందులో 10-బిట్ 4:2:2 తీస్తే ఈ తరాల ఇంటెల్ కూడా చేతులెత్తేస్తుంది, భారమంతా ప్రాసెసర్ కోర్ల మీదే. అందుకే స్టూడియో వాళ్ళతో రెండు మాటలు మాట్లాడు. కుదిరితే ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్‌లో, అంటే హెచ్.265లో తీయమను. లేదంటే ఏ7 ఫోర్‌లో ప్రాక్సీ రికార్డింగ్ ఉంది, ఆన్ చేయమను. అసలు ఫైలుతో పాటే చిన్న ఫైలు కూడా కెమెరానే రాసిస్తుంది. చిన్నవాటి మీద కట్ చేసి చివర్లో అసలువాటితో ఎక్స్‌పోర్ట్ చేస్తావు. కెమెరాలో కుదరకపోతే రాత్రి పడుకునే ముందు రిజాల్వ్‌లోనే ప్రాక్సీలు పెట్టెయ్. ఆ సదుపాయం ఉచిత వెర్షన్‌లోనూ ఉంది, కానీ ఈ ఫుటేజీ అందులో తెరుచుకుంటుందో లేదో ముందు ఒక క్లిప్ పెట్టి చూసుకో. ప్రాక్సీ అలవాటైతే నలభై వేల ల్యాప్‌టాప్ మీద కూడా పెళ్ళి కట్ చేయొచ్చు. నేను చేయించుకునే కుర్రాళ్ళు చేస్తున్నారు.

గాజువాక గేమర్:
అక్కా, అయితే నేను చెప్పిన మోడల్‌లో 12450హెచ్ ఉందిగా. 12వ తరం ఇంటెల్. డీకోడర్ దాని లోపలే ఉంది, పక్కన కార్డు కూడా ఉంది. ప్రాక్సీలతో కట్ చేసినా చివరికి కలర్ చేయాలి, ఎక్స్‌పోర్ట్ చేయాలి. అక్కడ కార్డు పనికొస్తుంది. నా మాటే నిలిచింది.

ఎడిట్ అక్క:
సగం నిలిచింది. రైజెన్‌తో వచ్చే కార్డు మోడల్ అయితే నీ మాట పడిపోయేది. అక్కడ ఏ7 ఫోర్ ఫుటేజీ విప్పే దిక్కే లేదు. ఇక్కడ గట్టెక్కించింది 2050 కాదు, పక్కనున్న ఇంటెల్.

కరీంనగర్ కట్స్:
స్క్రీన్ సంగతి మరిచిపోతున్నరు. ఈ ధర గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) ప్యానెలే ఇస్తరు. దాని మీద మంగళస్నానాల వీడియో పెట్టి చూడు. పసుపు పాలిపోయి కనబడుతది, పట్టుచీర ఎరుపు ఇటుక రంగుకు దిగుతది. నువ్వు బాగలేదని రంగు గాఢత (సాచురేషన్) పెంచుతవు. పెళ్ళికూతురు వాళ్ళ ఫోన్లో అమోలెడ్ తెర మీద చూసుకుంటే ముఖం మీద పసుపు నిప్పులా మండుతది. అప్పుడు ఫోన్ నీకే వస్తది.

ఎడిట్ అక్క:
అది నిజం. అయితే స్క్రీన్‌ని సెకండ్‌హ్యాండ్ ఐపీఎస్ మానిటర్‌తో సర్దుకోవచ్చు, అందాకా ఎక్స్‌పోర్ట్ చేసింది ఫోన్లో చూసుకుని సరిచేసుకో. స్పెక్‌లో 72 శాతం ఎన్‌టీఎస్‌సీ గానీ 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ గానీ ఉంటే నమ్మొచ్చు, రెండూ దగ్గరదగ్గరగా ఒకటే.

సర్వీస్ బల్ల, సికింద్రాబాద్:
స్టోరేజీ కూడా చూసుకో. సెకనుకి 100 మెగాబిట్ల ఫుటేజీ గంటకి 45 జీబీ. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 476 గానే కనబడుతుంది, అందులో విండోసూ సాఫ్ట్‌వేర్లూ పోను రెండు పెళ్ళిళ్ళకి నిండిపోతుంది. ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ రెండోది ఉందో లేదో, ఉంటే ఏ సైజో అడుగు. కొన్నింట్లో 2242 అనే పొట్టి ఎస్‌ఎస్‌డీయే పడుతుంది, పొడుగు 2280 కొనుక్కొస్తే స్క్రూ కుదరదు. పాత హార్డ్‌డిస్క్‌ని బ్యాకప్‌కే వాడు, దాని మీద ఎడిట్ చేయకు.

వేడి గురించి కూడా. హాస్టల్లో మంచం మీద దుప్పటి పైన పెట్టి రెండర్ (చివరి వీడియో తయారీ) వేస్తారు పిల్లలు. మే నెలలో మీ గుంటూరు వైపు ఎండలకి 12450హెచ్ లాంటి ఏ హెచ్ సిరీస్ చిప్పైనా వేగం తగ్గించుకుంటుంది. బల్ల మీద పెట్టి, వెనకవైపు కొంచెం ఎత్తు చెయ్. చార్జర్ తీసేసి రెండర్ వేస్తే ఆ కార్డు ఉన్నా లేనట్టే.

తెనాలి ఫ్రేమ్స్:
ఇవాళ షాపుకెళ్ళి టాస్క్ మేనేజర్ చూశాను. 12450హెచ్ మోడల్‌లో సోడిమ్ అని ఉంది, రెండు స్లాట్లలో ఒకటే వాడారు. ఇంకో 8 జీబీ స్టిక్కు వేయిస్తే అరవై దాటి రెండు వేలు అవుతోంది. రెండో దారి, కార్డు లేని 13వ తరం ఐ5, రెండు 8 జీబీ స్టిక్కులతో, యాభై రెండు వేలు. స్క్రీన్ కూడా నయం.

కరీంనగర్ కట్స్:
రెండోదే. మిగిలిన ఎనిమిది వేలు ఎస్‌ఎస్‌డీకి.

గాజువాక గేమర్:
ఆ రెండు వేలు నాన్నగార్ని అడుగు తమ్ముడూ. ఫ్యూజన్‌లో టైటిల్స్ చేయడం మొదలుపెట్టాక కార్డు విలువ నీకే తెలుస్తుంది.

ఎడిట్ అక్క:
హైలైట్స్ కట్టింగే ప్రధానమైతే రెండోది. కదిలే టైటిల్స్, బొమ్మలు (మోషన్ గ్రాఫిక్స్) వైపు వెళ్ళాలని ఉంటే మొదటిది, కానీ 8 జీబీతో మాత్రం ఇంటికి తేవద్దు. ఆ స్టూడియో నెలకి ఎన్ని పెళ్ళిళ్ళు ఇస్తుందో, ప్రాక్సీలు కెమెరాలో ఆన్ చేస్తుందో లేదో కనుక్కున్నాకే డబ్బు కట్టు.

సర్వీస్ బల్ల, సికింద్రాబాద్:
మొదటిది తీసుకుంటే స్టిక్కు షాపులోనే వేయించు, బిల్లులో ఆ స్టిక్కు విడిగా రాయించు. మూత విప్పినా వారంటీ ఉంటుందని ఆ కంపెనీ కస్టమర్ కేర్ నుంచి మెయిల్‌లో తెప్పించుకో, నోటిమాట వద్దు. పాత స్టిక్కు ఏ వేగమో కొత్తదీ అదే వేగం ఉండాలి, డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు. టాస్క్ మేనేజర్‌లో రెండు స్లాట్లూ నిండినట్టు, 16 జీబీ అని కనబడ్డాకే కార్డు స్వైప్ చెయ్.